గోదావరి యొడ్డున అచ్చుకూటము
(కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము)

నదుల యొడ్డున ఊళ్ళు వెలయుట లోకసహజము. వానిలో కొన్ని పంటలకును, కొన్ని తీర్థములకును, కొన్ని వర్తకమునకును పేరుపొందును. పుస్తకములకు పేరుపొందిన ఊళ్ళు మాత్రము అరుదు. ఫ్రాన్సు దేశమున లువార్ నదీతీరమందు లా షారిటే అను చిన్న పట్టణమొకటి కలదు. పూర్వకాలమున అది యొక క్రైస్తవ మఠమును ఆశ్రయించి, దూరప్రాంతపు యాత్రికులకు విడిదిపట్టుగా పెరిగినది. నేడు ఆ యూరి పేరు చెప్పగనే పాతపుస్తకముల అంగళ్ళు జ్ఞప్తికి వచ్చును. పుణ్యముకొరకు వచ్చువారికి ఆశ్రయమిచ్చిన ఊరు పుస్తకముకొరకు వచ్చువారికి ఆశ్రయమైనది.

మన తెలుగునాట అట్టి కీర్తి గోదావరీతీరమందలి రాజమహేంద్రవరమునకు చెల్లును. పదునొకండవ శతాబ్దిలో రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టారకుడు మహాభారతమును తెలిగింప పూనుకొన్న తావు అదియే. నాటి తాటాకుల ఊరు ఇరువదవ శతాబ్దిలో అచ్చుపుస్తకముల ఊరైనది. అద్దేపల్లి వారు, కొండపల్లి వీరవెంకయ్య వారు, గొల్లపూడి వీరాస్వామి వారు, రౌతు వారు మున్నగు ప్రచురణకర్తలు అచ్చటినుండి పురాణములు, శతకములు, నాటకములు, బాలశిక్షలు అచ్చొత్తించి తెలుగుదేశపు నలుమూలలకు పంపిరి. పలమనేరు, పుంగనూరు, కుప్పము వంటి సరిహద్దు సీమలలో, ఒకే సంతలో తెలుగును, తమిళమును, కన్నడమును కలిసి వినబడుచోట, తెలుగు చదువు నిలుచుటకు అట్టి అచ్చుపుస్తకములే ముఖ్యాధారములు.

ఆ అంగళ్ళన్నియు వెలయుటకు ముందే గోదావరి యొడ్డున అచ్చుకూటము నిలిపి, తాను వ్రాసినది తానే అచ్చొత్తించి, తానే చదువరుల చేతికి అందజేసిన మహనీయుడొకడుండెను. ఆయనయే కందుకూరి వీరేశలింగము పంతులుగారు. వితంతువివాహములు జరిపించిన సంస్కర్తగా ఆయన పేరు విననివారు లేరు. అయితే గ్రంథాలయమున కూర్చుండి చదువుకొనువారు ఆయనను స్మరించుటకు వేరొక కారణము కలదు. పుస్తకము వ్రాయుట సగము పని మాత్రమే యనియు, చదువవలసినవాని చేతికి అది చేరినప్పుడే పని పూర్తియగుననియు ఆయన గ్రహించెను. ఆ రెండవ సగముకొరకు తన సంపాదనను, ఆరోగ్యమును, ఇంటి నెమ్మదిని వెచ్చించెను.

వీరేశలింగము 1848 వ సంవత్సరము ఏప్రిల్ 16 వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి సుబ్బారాయుడు, తల్లి పూర్ణమ్మ. పసితనముననే మశూచి సోకి బాలుని దేహమును క్రుంగదీసెను. నాలుగేండ్లు నిండునప్పటికి తండ్రి గతించెను. పెదతండ్రియు, నాయనమ్మయు పిల్లవానిని పెంచిరి. బాల్యమునుండి ఆయన దేహము బలహీనమైనదే. దగ్గును, ఉబ్బసమును జీవితాంతము వెంటనంటి యుండెను. ఇంత దుర్బలమైన శరీరముతో అంత పని ఎట్లు సాగెనాయని తలచినవారికి ఆశ్చర్యము కలుగక మానదు.

అయిదవయేట వీథిబడిలో చేరి, ఆ కాలపు పద్ధతిని బాలరామాయణము, అమరము, సుమతీశతకము, కృష్ణశతకము మున్నగునవి వల్లించెను. పండ్రెండవ యేట ప్రభుత్వ పాఠశాలలో ఇంగ్లీషు చదువు మొదలుపెట్టి, తరగతులలో మొదటివాడుగా పేరుపొందెను. 1861 లో, పదమూడేండ్ల ప్రాయమున, బాపమ్మ అను బాలికతో ఆయనకు వివాహమైనది. ఆమెకే అత్తవారింట రాజ్యలక్ష్మి యని పేరు పెట్టిరి. ఈ దంపతుల కథను వేరువేరుగా చెప్పుట సాధ్యము కాదు. భర్త కలమున వ్రాసినదానిని భార్య తన దినచర్యలో ఆచరించి చూపెను.

విద్యార్థిదశలోనే కేశవచంద్రసేనుని గ్రంథములు వీరేశలింగము చేతికి వచ్చినవి. వంగదేశమున వ్రాయబడిన ఆ పుస్తకములు గోదావరి యొడ్డున చదువుకొను బాలుని మనస్సును కదలించెను. ఆత్మూరి లక్ష్మీనరసింహము అను మిత్రుడును ఆ భావములలో ఆయనకు తోడయ్యెను. దయ్యములు, భూతములు లేవని ఆయన నిశ్చయించుకొని, ఇతరులకు నమ్మిక కలిగించుటకు అర్ధరాత్రమున శ్మశానమునకు పోయివచ్చుచుండెను. ఒక పుస్తకము దూరదేశమునుండి వచ్చి మనుష్యుని ఎంత మార్చగలదో ఆయన మొదట తన జీవితముననే కనుగొనెను. తరువాత చేసిన పనికంతటికిని ఈ యనుభవమే బీజము.

1869 లో ఆయన మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణుడయ్యెను. ఆ కాలమున ఇంగ్లీషు చదివినవారు కచేరీ ఉద్యోగములకును, న్యాయవాదవృత్తికిని పోవుట వాడుక. వాని యందు లంచమునకును, అసత్యమునకును గల చోటును చూచి, ఆయన ఉపాధ్యాయవృత్తినే కోరుకొనెను. కోరంగి పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసి, 1874 నాటికి ధవళేశ్వరము చేరెను. అక్కడినుండి బడిపంతులు పేరే ఆయనకు బిరుదై నిలిచినది. లోకమంతయు ఆయనను పంతులుగారనియే పిలిచినది.

ధవళేశ్వరము రాజమహేంద్రవరమునకు దిగువనున్న చిన్న యూరు. 1847 మొదలుకొని 1852 వరకు ఆర్థరు కాటను దొరగారు గోదావరికి అక్కడ ఆనకట్ట కట్టించి, సముద్రము పాలగుచున్న నీటిని కాలువలద్వారా పొలములకు మళ్ళించిరి. కాటను దొరగారు నీటికి చేసిన పనిని, రెండు దశాబ్దముల తరువాత అదే యూర పంతులుగారు విద్యకు చేయబూనిరి. పండితుల యిండ్లలో నిలిచియున్న విద్యకు కాలువలు త్రవ్వుటయే ఆ పని.

పంతులుగారు గ్రంథరచన ఆరంభించినప్పుడు ఆయన మార్గము ఇది కాదు. తొలిదినములలో ఆయనయు నాటి పండితుల వలెనే పాండిత్యప్రకర్షకు ఆశపడిరి. పెదవులు తాకక పలుకదగిన అక్షరములతో మాత్రమే, సంస్కృతపదము సోకకుండ, శుద్ధాంధ్ర నిరోష్ఠ్య నిర్వచన నైషధము అను కావ్యమును రచించిరి. దానిని మెచ్చుకొనుటకు పండితుడు కావలెను. చదివి గ్రహించుటకును పండితుడే కావలెను. బడిలో పిల్లలకు పాఠము చెప్పుచు, వారి తల్లులు అక్షరమైన నెరుగని సంగతి చూచుచు, ఆయన తన విద్య ఎవరికి ఉపయోగపడుచున్నదని ఆలోచించుకొనిరి. చిన్నయసూరి నీతిచంద్రికలో విడిచిన సంధివిగ్రహములను వచనమున పూరించుట మొదలుకొని, క్రమముగా ఆయన కలము పద్యపు కట్టుబాటునుండి వచనపు విశాలతకు మరలెను.

1874 అక్టోబరులో ధవళేశ్వరమునుండి వివేకవర్ధని యను పత్రికను వెలువరింప మొదలిడిరి. అదే యూర బాలికలకొరకు పాఠశాలను గూడ తెరచిరి. ఈ రెండును ఒక్క యేడాదిలోనే పుట్టుట గమనింపదగినది. పత్రిక యుండియు చదువువారు లేకున్న ప్రయోజనము లేదు. చదువు నేర్చియు చదువుటకు ఏమియు లేకున్న ఆ చదువు నిలువదు. పంతులుగారు రెంటికిని ఒకేసారి పునాది వేసిరి.

అయితే పత్రిక నడుపుట ఊహించినంత సులభము కాలేదు. అప్పటికి తెలుగు అచ్చు క్రొత్తది కాదు. పదునెనిమిదవ శతాబ్ది మధ్యముననే జర్మనీ దేశపు హాల్లే నగరమున తెలుగు అక్షరములతో పుస్తకములు అచ్చుపడెను. పంతొమ్మిదవ శతాబ్దిలో తెలుగు అచ్చునకు చెన్నపట్టణము కేంద్రమయ్యెను. వివేకవర్ధనియు మొదట చెన్నపట్టణముననే అచ్చయ్యెడిది. వ్రాతప్రతి ధవళేశ్వరమునుండి పోవలెను. అచ్చైన కాగితములు తిరిగి రావలెను. నడుమ రైలు లేదు. రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీద రైలువంతెన 1900 లో గాని తెరవబడలేదు. కావున పత్రిక వచ్చుటలో ఆలస్యము తప్పకుండెను. నేటి అన్యాయమునుగూర్చి వ్రాసినది ఎప్పుడో పాఠకుని చేరినచో దాని వాడి తగ్గిపోవును.

చెన్నపట్టణమునుండి బెంగుళూరునకు పోవు బాటమీదనున్న పలమనేరు సీమవారికి చెన్నపట్టణము దూరమని తోపదు. గోదావరి జిల్లాలవారికి మాత్రము ఆ కాలమున అది నిజముగా దూరదేశమే. ఒక పత్రికకు తన యూరిలో అచ్చుకూటము లేకుండుట, ఒక రైతునకు తన పొలమున బావి లేకుండుట వంటిది. అందుచేత పంతులుగారు రాజమహేంద్రవరముననే సొంతముగా ముద్రాక్షరశాలను నెలకొల్పిరి.

అచ్చుకూటము నడుపుట ఆ దినములలో ఎంతటి పనియో నేటివారు ఊహించుట కష్టము. ఇంగ్లీషునకు కొన్ని పదుల అక్షరములు చాలును. తెలుగునకు అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు కలసి వందలకొలది సీసపు అచ్చక్షరములు కావలసియుండును. ఒక్కొక్క గడిలోనుండి ఒక్కొక్క అక్షరమును తీసి, అద్దములోని బింబమువలె తిరుగబడిన వరుసను కూర్చవలెను. ఒక పుట కూర్చి, సిరాపూసి, ఒత్తి, తప్పులు దిద్ది, మరల ఒత్తవలెను. కాగితమునకు రొక్కము, కూర్చువారికి జీతము, చందాదారులకు పంపుటకు తపాలా ఖర్చు వేరు. బడిపంతులు జీతముతో ఇన్ని మోయుట సాహసమే. అయినను ఆ అచ్చుకూటమునుండి వివేకవర్ధని సకాలమున రాసాగినది. దానికి తోడుగా హాస్య సంజీవిని 1876 లో వెలువడినది. నవ్వుచు చదివిన సంగతి మనస్సున నిలుచునని పంతులుగారు ఎరుగుదురు.

వివేకవర్ధని పేరుకు తగినట్లు వివేకమునే వర్ధిల్లజేసినది. న్యాయస్థానములందలి లంచములు, కన్యాశుల్కము, వేశ్యాలోలత్వము, మూఢవిశ్వాసములు దానిలో నిర్భయముగా చర్చింపబడెను. అంతవరకు ఇంటి అరుగులమీద గుసగుసలుగానున్న సంగతులు అచ్చులోనికెక్కి, పదిమంది యెదుట నిలిచెను. దానివలన పంతులుగారికి శత్రువులు పెరిగిరి. అయితే వ్రాసినది పుచ్చుకొని అచ్చువేయుటకు ఇంకొకరి దయపై ఆధారపడవలసిన అగత్యము ఆయనకు లేకపోయినది. సొంత అచ్చుకూటము ఆయనకు ధనలాభము కలిగించలేదు గాని, స్వాతంత్ర్యము కలిగించినది.

ఆ పత్రికలోనే 1878 లో రాజశేఖరచరిత్రము ప్రకటింపబడసాగి, 1880 లో పుస్తకరూపమున వెలువడినది. గోల్డుస్మిత్తు అను ఐర్లండు దేశపు కవి ఇంగ్లీషున వ్రాసిన నవల నుండి దీనికి ప్రేరణ కలిగెను. కాని కథ జరుగు చోటు ధవళేశ్వరము, మనుష్యులు తెలుగువారు, వారి కష్టములు తెలుగిండ్లలోని కష్టములు. రాజులు, దేవతలు లేక, జ్యోతిష్కుని మాటలు నమ్మి చెడిపోవు గృహస్థు కథానాయకుడైన పుస్తకమును తెలుగుపాఠకుడు చూచుట అపూర్వము. 1887 లో హచిన్సన్ అనునతడు దీనిని ఇంగ్లీషున అనువదించి లండనులో ప్రకటించెను. గోదావరి యొడ్డున పుట్టిన కథ థేమ్సు నదీతీరమును చేరెను.

ఆ తరువాత పంతులుగారి కలము ముట్టని విషయము లేదు. వకీళ్ళ మోసములను వెల్లడించు వ్యవహారధర్మబోధిని వంటి ప్రహసనములు వ్రాసి, విద్యార్థులచే ఆడించిరి. ఆ ప్రదర్శనములు తెలుగు నాటకరంగమునకు తొలిమెట్టులు. పిల్లలకొరకు జంతుస్వభావములను, శరీరశాస్త్రమును, జ్యోతిశ్శాస్త్రమును తెలుగున సంగ్రహించిరి. 1883 లో స్త్రీలకొరకు సతీహితబోధిని యను పత్రికను స్థాపించిరి. ఆయన వెలువరించిన గ్రంథములు చిన్నవి పెద్దవి కలిపి నూటికి పైబడినవి. ఇంగ్లీషు రానివాడును, సంస్కృతము చదువనివాడును తన తల్లిభాషలో లోకజ్ఞానము పొందవలెనన్నదే వాని యన్నిటి యుద్దేశము. నేటి గ్రంథాలయమున వేరువేరు బీరువాలలో నుండవలసిన నవల, నాటకము, శాస్త్రము, చరిత్ర, స్త్రీవిద్య అన్నియు ఒక్కని చేతినుండి వచ్చుట చిత్రము.

వ్రాసిన మాట ఆచరణలోనికి రాకున్న అచ్చు వ్యర్థమని తలచిన పంతులుగారికి పరీక్షాకాలము వచ్చినది. 1879 ఆగస్టులో బాలవితంతువుల వివాహము శాస్త్రసమ్మతమని సభలో ఉపన్యసించిరి. ఊరు అట్టుడికినట్లుడికినది. పండితులు ఖండనలు వ్రాసిరి; పంతులుగారు వానికి సమాధానములు అచ్చొత్తించి పంచిరి. వాదము కాగితముమీద ఉన్నంతవరకు ఒక తీరు. 1881 డిసెంబరు 11 వ తేదీన ఆయన తమ యింటనే మొదటి వితంతువివాహమును జరిపించునప్పటికి కథ మారినది. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసి ధైర్యము చెప్పిరి. విద్యార్థులు, మిత్రులు కొందరు కావలి కాచిరి.

ఆ వివాహముతో పంతులుగారి కుటుంబము వెలివేయబడినది. బంధువులు రాకపోకలు మానిరి. వంటవారు రారైరి, నీళ్ళు మోయువారు మానుకొనిరి. గోదావరి ఇంటికి చేరువనే పారుచున్నను, నీటిబిందె మోయు మనిషి దొరకని స్థితి వచ్చినది. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి పోయి నీరు తెచ్చి, వంట వండి, వచ్చిన వధూవరులకు, ఆశ్రయించిన ఆడుబిడ్డలకు వడ్డించిరి. ఆ యిల్లాలు సభలలో మాటలాడలేదు. పత్రికలలో వాదములు చేయలేదు. పుట్టినింటివారి మాటను, ఊరివారి నిందను సహించి భర్తవెంట నిలిచిరి. పంతులుగారు వ్రాసినవన్నియు ఒక త్రాసులో పెట్టి, ఆమె మోసిన నీటిబిందెను రెండవ త్రాసులో పెట్టినచో ఏది బరువగునో చెప్పుట కష్టము. ఇట్టి వివాహములు పంతులుగారి జీవితకాలమున దాదాపు నలువది జరిగెను.

ఈ పోరాటముల నడుమనే ఆయన మరియొక మహాకార్యమునకు పూనుకొనిరి. తెలుగుకవుల చరిత్రములను వెదకి, కాలక్రమమున పరిశీలించి, ఆంధ్రకవుల చరిత్రమను పేర మూడు భాగములుగా వెలువరించిరి. అంతకుముందు గురజాడ శ్రీరామమూర్తిగారు కవిజీవితములను వ్రాసియుండిరి. కాని కట్టుకథలను వేరుచేసి, గ్రంథముల లోపలి సాక్ష్యములను, శాసనములను ఆధారము చేసికొని, కవుల కాలములు నిర్ణయింప యత్నించుట పంతులుగారి విశేషము. తాటాకు ప్రతులు అటకలమీద చెదలు తినుచున్న దినములవి. ఏ కవి యేమి వ్రాసెనో తెలియకున్న, చెడిపోవుచున్న గ్రంథమును రక్షింపవలెనన్న తలంపైనను ఎవరికిని పుట్టదు. ఆ పేర్ల పట్టిక తెలుగుజాతికి తన సొత్తు ఎంతయో చూపించినది.

1890 ప్రాంతమున రాజమహేంద్రవరమున పురమందిరము వెలసినదియు పంతులుగారి పూనికవలననే. సభకు చోటీయని ఊరిలో ఆయన సభామందిరమునే నిర్మించిరి. 1893 లో ప్రభుత్వమువారు ఆయనకు రావుబహద్దరు బిరుదమిచ్చిరి. పిమ్మట చెన్నపట్టణమునకు పోయి, 1899 లో ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితపదవిని స్వీకరించి, కొన్ని సంవత్సరములు పనిచేసి మరల గోదావరి యొడ్డునకే చేరిరి.

ఆయన యూరిలో వెలిగించిన దీపమునుండి ఇతర దీపములు వెలిగెను. న్యాపతి సుబ్బారావు పంతులుగారు చింతామణి పత్రికను స్థాపించి నవలలకు బహుమతులు ప్రకటించిరి. ఆ బహుమతుల మూలమున చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు నవలాకారులుగా ప్రసిద్ధికెక్కిరి. చిలకమర్తివారు తామును రాజమహేంద్రవరమున అచ్చుకూటము, పత్రికలు నడిపిరి. కన్నులు సరిగా కనబడని ఆ మహాకవి పుస్తకములనే నమ్ముకొని జీవించుట ఆ యూరి గాలిలోని మహిమ కాబోలు. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగినప్పుడు అధ్యక్షపీఠమున కూర్చున్నవారు ఆ చిలకమర్తివారే. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషిచే సమకూడిన ఆ సభనుండియే పల్లెపల్లెకు గ్రంథాలయమను ఉద్యమము బలపడినది. అచ్చుకూటమునుండి పుస్తకమును, పుస్తకమునుండి చదువరియు, చదువరినుండి గ్రంథాలయమును పుట్టిన వరుస యిది.

పంతులుగారికి సంతానము లేదు. సంపాదించినది ఎవరికీయవలెనను ప్రశ్నకు ఆయన చాల ముందుగనే సమాధానము నిశ్చయించుకొనిరి. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దిలోనే హితకారిణీసమాజమను ధర్మసంస్థను స్థాపించి, తమ యావదాస్తిని దానికి వ్రాసియిచ్చిరి. వితంతుశరణాలయము, పాఠశాల మున్నగునవి దాని పోషణలో నడువవలెనని ఏర్పాటు చేసిరి. వ్రాతవలన వచ్చిన ధనము మరల విద్యకే పోవుట న్యాయమని ఆయన యెంచిరి. బిడ్డలు లేని ఆ దంపతులు ఊరి బిడ్డలనే వారసులుగా చేసికొనిరి.

1910 ఆగస్టు 11 వ తేదీన రాజ్యలక్ష్మమ్మగారు పరమపదించిరి. నలువదియేండ్లకు పైబడిన తోడు విడిపోయినది. తరువాత పంతులుగారు బయటికి ధీరులుగానే కనబడినను లోపల ఒంటరివారైరి. వెనుకటి మిత్రులలో కొందరు దూరమైరి. ఆయన స్వభావమున పట్టుదల యెక్కువ. నమ్మినదానికొరకు మిత్రునితోనైనను తగవు పడుటకు వెనుదీయరు. సంస్కర్తను నిలబెట్టిన ఆ గుణమే మనుష్యునకు కొంత బాధను తెచ్చిపెట్టినది. అయినను తమ జీవితమును స్వీయచరిత్రమను పేర రెండు భాగములుగా వ్రాసి ప్రకటించిరి. తమ గెలుపులతో పాటు కలహములను, నిందలను, నష్టములను గూడ దాచక చెప్పుటచే అది తెలుగున స్వీయచరిత్రలకు మార్గదర్శకమైనది.

ఆయన తుదివత్సరమున జరిగిన ఒక సంగతి ప్రత్యేకముగా స్మరింపదగినది. పంతులుగారు జీవితమంతయు వ్యాకరణబద్ధమైన శైలిలోనే ప్రధానముగా వ్రాసిరి. గిడుగు రామమూర్తి పంతులుగారు శిష్టజనులు మాటలాడు భాషయే వ్రాతకు తగినదని ఎంతోకాలముగా వాదించుచుండిరి. పండితలోకము రెండు పక్షములై పోరాడుచుండెను. 1919 ఫిబ్రవరి 28 వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషా ప్రవర్తక సమాజము స్థాపింపబడినప్పుడు, దానికి అధ్యక్షులుగా నిలిచినవారు వీరేశలింగము పంతులుగారే. అప్పటికి ఆయనకు డెబ్బదియేండ్లు నిండినవి. పెదవులు తాకని అక్షరములతో కావ్యము వ్రాసినవాడు, సామాన్యుని పెదవులమీది భాషకు అండగా నిలుచుటతో ఆయన ప్రయాణము పూర్తియైనది. డెబ్బది యేండ్ల వయసున తన వ్రాతపద్ధతినే ప్రశ్నించుకొనగల ధైర్యము ఎందరికుండును?

ఆ పిమ్మట మూడునెలలైనను గడువలేదు. ఆంధ్రకవుల చరిత్రమును సవరించు పనిమీద ఆయన చెన్నపట్టణమున కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారి వేదవిలాసమను గృహమున నుండిరి. లక్ష్మణరావుగారు తెలుగు గ్రంథాలయములకును, విజ్ఞానగ్రంథ ప్రచురణకును తమ జీవితమును ధారవోసినవారు. ఆ యింటనే 1919 మే 27 వ తేదీన వీరేశలింగము పంతులుగారు కన్నుమూసిరి. గోదావరి యొడ్డున పుట్టినవాని చివరి ఊపిరి సముద్రపుటొడ్డున, పుస్తకముల నడుమ, దిద్దుబాటు ముగియని పుస్తకముతో కలసి ఆగినది.

ఆయన పోయిన పిదప గోదావరిలో ఎన్నో వరదలు వచ్చి తీసెను. సీసపు అచ్చక్షరముల కాలము గతించినది. ఆ యూర క్రొత్త అచ్చుయంత్రములు వచ్చెను. పుస్తకముల అంగళ్ళు వెలసెను. గౌతమీ గ్రంథాలయమువంటి విద్యాలయములు వర్ధిల్లెను. వితంతువివాహమునకు ఊరు వెలివేయు దినములు పోయినవి. ఆడుపిల్ల బడికి పోవుట వింతగా తోచు కాలమును పోయినది. నేడు ఇవి సహజములుగా తోచుటయే పంతులుగారి విజయము. ఇవి సహజములు కావని, ఒకడు వీనికొరకు తన యింట నీళ్ళు మోయు మనిషి లేక బాధపడెనని మరచిపోవుట మాత్రము కృతఘ్నత.

కౌండిన్యనది గోదావరి యంత పెద్దది కాదు. దాని యొడ్డున నన్నయ భారతమును వ్రాయలేదు, వివేకవర్ధని అచ్చుపడలేదు. కాని నది పెద్దదియో చిన్నదియో అను దానినిబట్టి ఊరి విద్య నిర్ణయింపబడదు. లువార్ నది యొడ్డునున్న చిన్న పట్టణము పుస్తకములచే పేరుపొందినట్లే, ఏ చిన్నయూరైనను తన గ్రంథాలయముచే పేరుపొందవచ్చును. ఇరువదియైదేండ్లపాటు ఒక పల్లె తన బీరువాలను కాపాడుకొని, పుస్తకములకు అట్టలు వేసి, చందాలు కూర్చి, సాయంకాలమున దీపము పెట్టి తలుపు తెరచి యుంచినదనగా, పంతులుగారు ఆరంభించిన పనిలో మిగిలిన సగమును అది మోయుచున్నదని అర్థము.

గ్రంథకర్త పుస్తకము వ్రాయును. అచ్చుకూటము దానికి రూపమిచ్చును. అంగడి దానిని ఊరికి తెచ్చును. కాని ఎండలో పనిచేసి వచ్చి, చేతులు కడుగుకొని, బల్లయొద్ద కూర్చుండి పుట తిప్పు చదువరి లేనిచో ఆ శ్రమయంతయు నిష్ఫలము. గ్రంథాలయమునుండి ఒక పుస్తకమును ఇంటికి కొనిపోయి, చదివి, చదువురాని తల్లికి వినిపించి, మరల చెడకుండ తెచ్చియిచ్చు ప్రతి చందాదారుడును వీరేశలింగము పంతులుగారి ఋణమును కొంతకొంతగా తీర్చుచున్నవాడే.